వినపడుతోంది... మాటే తెలియటం లేదు!

"మా నాన్నగారికి చెవుడు లేదండీ. ఆయనకు కావలసినవన్నీ వినిపిస్తాయి. మేం పిలిస్తేనే పలకరు" అంటూ ఒకాయన తండ్రిని వెంటబెట్టుకుని వచ్చారు. తండ్రికి డెబ్భై ఏళ్ళు. బడిపంతులుగా చేసి రిటైరయ్యారు. వీధి మలుపులో లారీ వస్తుంటే ఆయనకు తెలుస్తుంది. పక్కన కూచుని మనవరాలు బడి కబుర్లు చెబితే మాత్రం "ఆఁ?" అంటారు. రెండోసారి చెప్పినా "ఆఁ?" అంటారు. మూడోసారి చెప్పటం ఆ పిల్ల మానేసింది. కొడుకు అది మొండితనం అనుకున్నాడు. కోడలు, మతిమరుపు మొదలైందేమోనని భయపడింది. పెద్దాయన మాత్రం, "వినపడుతోంది బాబూ, మాటే తెలియటం లేదు" అన్నారు నెమ్మదిగా.

ఆయన చెప్పిందే అసలు సంగతి. వినపడటం వేరు, మాట తెలియటం వేరు.

గాలిలో వచ్చిన శబ్దం కర్ణభేరిని కదిలిస్తుంది. ఆ కదలిక మూడు చిన్న ఎముకల ద్వారా లోపలి చెవికి చేరుతుంది. వాటిలో మూడోది బియ్యపు గింజలో సగం ఉంటుంది; మన ఒంట్లో అన్నిటికంటె చిన్న ఎముక అదే. లోపలి చెవిలో నత్తగుల్లలాగా సుమారు రెండున్నర చుట్లు తిరిగిన గొట్టం, దాని నిండా ద్రవం, అందులో సన్నని వెంట్రుకల్లాంటివి ఉన్న కణాలు వరసగా ఉంటాయి. ఒక్కో చెవిలో ఇవి దాదాపు 15 వేలు. హార్మోనియం మెట్లలాగా వీటిలో ఒక్కో చోటు ఒక్కో స్థాయి ధ్వనికి పలుకుతుంది. గొట్టం మొదట్లో కీచు ధ్వనులు, లోపలికి పోయేకొద్దీ బొంగురు ధ్వనులు.

వయసు మీరినప్పుడు, ఏళ్ళ తరబడి యంత్రాల రొదలో పనిచేసినప్పుడు సాధారణంగా మొదట దెబ్బతినేవి కీచు ధ్వనుల కణాలే. కోడికైతే ఇవి తిరిగి మొలుస్తాయి. మనిషికి మొలవవు!

ఇప్పుడు మన తెలుగు మాటల సంగతి చూడండి. అచ్చులకు బలం ఎక్కువ, అవి కింది స్థాయిలో పలుకుతాయి. స, శ, చ, త, క వంటి హల్లుల ఆనవాళ్ళు చాలావరకు పై స్థాయిలో, బలహీనంగా ఉంటాయి. పై మెట్లు పోయిన చెవికి పప్పు, కప్పు, తప్పు అన్నీ ఒక్కలాగే వినిపిస్తాయి. లారీ మోత కింది స్థాయిది కనుక చక్కగా అందుతుంది. చిన్నపిల్లల సన్నని గొంతు అందదు. చెవిటివాని ముందు శంఖం ఊదినట్టు అంటారు గానీ, ఇలాంటివారికి శంఖం భేషుగ్గా వినిపిస్తుంది.

చెవి పంపిన సగం మాటను పూర్తి చేయవలసింది మెదడు. సందర్భాన్ని బట్టి, పెదవుల కదలికను బట్టి అది ఊహించుకుంటుంది. ఒక వైపు శబ్దం రెండు చెవులకూ చేరటంలో సెకనులో వెయ్యో వంతు కూడా తేడా ఉండదు. ఆ కాస్త తేడాతోనే అది ఏ వైపు నుంచి వచ్చిందో మెదడు పోల్చుకుంటుంది. పెళ్ళిపందిరి గోలలో కూడా పక్కవారి మాటను ఏరుకుంటుంది. చెవి నుంచి సరైన సమాచారం రాకపోతే ఈ ఏరుడు సాగదు. అందుకే ఇంట్లో ఇద్దరే ఉన్నప్పుడు బాగా మాట్లాడే పెద్దవారు పదిమందిలో మూగనోము పడతారు. సాయంత్రానికి అలసిపోతారు కూడా.

అలాగని అరవకండి. దెబ్బతిన్న చెవికి చిన్న శబ్దం అందదు, పెద్ద శబ్దం భరించరానిదవుతుంది. "ఎందుకలా కేకలేస్తావు?" అని వారు విసుక్కోవటం చాదస్తం కాదు. టీవీ కట్టేసి, ఎదురుగా కూచుని, మీ ముఖం కనిపించేలా కాస్త నిదానంగా మాట్లాడండి. తెలియకపోతే అదే మాట పదిసార్లు అనకుండా మరో మాటలో చెప్పండి.

ముందు చెవిలో గుబిలి ఉందేమో డాక్టరుకు చూపించాలి. పిన్నీసులు, అగ్గిపుల్లలు పెట్టకండి, కాచిన నూనె పోయకండి. తరువాత ఆడియోగ్రామ్ పరీక్ష. అవసరమైతే వినికిడి యంత్రం. అలక్ష్యం పనికిరాదు: మతిమరుపు జబ్బుకు దారితీసే, మనం సరిదిద్దుకోగల కారణాల్లో వినికిడి లోపం ఒకటని లాన్సెట్ వైద్యపత్రిక నియమించిన నిపుణుల సంఘం 2020 నివేదికలో చెప్పింది.

మా పంతులుగారు యంత్రం పెట్టుకున్న మూడో రోజే తిరిగొచ్చారు. "ఫ్యాను మోత, పేపరు చప్పుడు, గిన్నెల గోల! మాట తప్ప అన్నీ వినిపిస్తున్నాయి" అని ఫిర్యాదు. ఏళ్ళ తరబడి వినని శబ్దాలను మెదడు మళ్ళీ గుర్తుపట్టి, అక్కరలేనివి పక్కన పెట్టటం నేర్చుకోవాలి. అందుకు కొన్ని వారాలు పడుతుంది. చాలామంది సరిగ్గా ఇక్కడే యంత్రాన్ని బీరువాలో పెట్టేస్తారు. మొదట నిశ్శబ్దమైన గదిలో గంటో రెండు గంటలో పెట్టుకుని, రోజురోజుకూ పెంచుకోమన్నాను. పక్కన కూచుని పేపరు చదివి వినిపించే పని మనవరాలికి అప్పగించాం.

ఇదంతా మెల్లగా వచ్చే చెవుడు సంగతి. నిన్నటిదాకా బాగున్న చెవి ఉన్నట్టుండి వినిపించటం మానేస్తే మాత్రం, చలిగాలి తగిలిందనుకుని ఊరుకోకండి. ఆ రోజే చెవి, ముక్కు, గొంతు డాక్టరును కలవండి. మందు ఎంత త్వరగా మొదలుపెడితే వినికిడి తిరిగి వచ్చే అవకాశం అంత ఎక్కువ.