విహారంలో వేగనిరోధం తగదు

శరీరానికి విశ్రాంతిని, మనస్సుకు ఉల్లాసాన్ని ఒక్కసారిగా ప్రసాదించే వినోదాలలో నౌకావిహారం ఒకటి. సెలవులలో అండమాన్ దీవులకు వెళ్ళివచ్చే మధ్యతరగతి కుటుంబాలు నేడు మన ప్రాంతంలో తక్కువేమీ కావు. ఆ దీవుల సౌందర్యాన్ని గురించి ఎందరో వ్రాశారు. ఆ విహారంలో మన స్త్రీలు మౌనంగా భరించే ఒక బాధను గురించి వ్రాయడం అవసరమని నేను భావిస్తున్నాను.

వండూరు రేవు నుండి జాలీబాయ్ దీవికి సాగే పడవ ప్రయాణాన్నే తీసుకుందాం. 1983లో ఏర్పడిన మహాత్మాగాంధీ సముద్ర జాతీయోద్యానంలోని దీవి ఇది. మడ అడవులను, పచ్చని దీవులను చూపుతూ పడవ నింపాదిగా సాగుతుంది. దీవి చేరాక అద్దపు అడుగుగల పడవలో నుండి పగడపు దిబ్బలను చూడవచ్చు. కాని నేను వెళ్ళిన పడవలో మరుగుదొడ్డి లేదు. స్త్రీలలో చాలామంది ఉదయం నుండి నీరు ముట్టలేదు. కారణమడిగితే ఒక పెద్దావిడ, "నీళ్ళు తాగితే మళ్ళీ ఎక్కడికి వెళ్ళాలమ్మా?" అన్నారు.

నిరోధింపరాని వేగాలు పదమూడింటిని చరకసంహిత సూత్రస్థానం 7వ అధ్యాయం పేర్కొన్నది. మూత్రం, దప్పిక, వాంతి, నిద్ర వాటిలోనివే. మూత్రవేగాన్ని ఆపితే పొత్తికడుపులో నొప్పి, మూత్రకృచ్ఛ్రం, శిరోవేదన కలుగుతాయనీ, దప్పికను ఆపితే నోరు, గొంతు ఎండి శరీరం డస్సిపోతుందనీ ఆ గ్రంథం హెచ్చరిస్తున్నది. నీరు తక్కువ త్రాగి, గంటల తరబడి మూత్రాన్ని బిగబట్టితే మూత్రనాళాలలో సూక్ష్మజీవులు వృద్ధి చెందే అవకాశం ఎక్కువని ఆధునిక వైద్యులు కూడా చెబుతున్నారు.

ఒక్కరోజే కదా అని కొందరంటారు. ఉష్ణమండలపు ఉక్కలో చెమట రూపంలో ఎంత నీరు పోతుందో వారు గమనించరు. మధుమేహం ఉన్నవారికి, గర్భిణులకు, వృద్ధులకు ఆ ఒక్కరోజే చాలు, హాని కలగడానికి.

ప్రయాణానికి ముందు ఇడ్లీ వంటి తేలిక ఆహారం మితంగా తీసుకోవాలి. ఖాళీ కడుపుతో గాని, నిండు కడుపుతో గాని పడవ ఎక్కరాదు. నీటిని ఒక్కసారిగా కాక గుక్కెడు గుక్కెడుగా రోజంతా త్రాగాలి. జాలీబాయ్‌లో ప్లాస్టిక్ నిషిద్ధం కనుక స్టీలు సీసా వెంట ఉంచుకోవడం మేలు. కడుపులో త్రిప్పేవారు పడవ మధ్యభాగంలో కూర్చుని దూరాన దిగంతాన్ని చూడాలి. చిన్న అల్లం ముక్కను బెల్లంతో నమలాలి. వాంతి వస్తే ఆపుకొనరాదు. ఇంటికి వచ్చాక రెండు రోజులు బార్లీ నీరు త్రాగడం మంచిది. మూత్రపిండాల వ్యాధి ఉన్నవారు మాత్రం నీటి మోతాదును వైద్యుని అడిగి నిర్ణయించుకోవాలి. మూత్రంలో మంట, చలిజ్వరం కనిపిస్తే గృహవైద్యంతో కాలయాపన చేయక వైద్యుని సంప్రదించాలి.

అయితే సౌకర్యాల లోపాన్ని బార్లీ నీరు తీర్చలేదు. రేవులలో, దీవులలో, పెద్ద పడవలలో శుభ్రమైన మరుగుదొడ్లు ఏర్పాటు చేయడం నిర్వాహకుల విధి. టిక్కెట్టు కొనే ముందు ఆ విషయం అడగడం గృహస్థుల విధి. భోజనం, కెమెరా గురించి పదిసార్లు అడిగే పురుషులు దీనిని ఒక్కసారైనా అడగరు. స్త్రీలు బిడియపడి ఊరుకుంటారు. నాలుగు దీవులను పరుగున చూపే ప్రయాణం కంటే, నడుమ ఆగి కాలకృత్యాలు తీర్చుకునే వీలుగల ఒక్క దీవి ప్రయాణం శ్రేష్ఠం. ఇంటి ఇల్లాలు దప్పికతో గడిపిన దినాన్ని విహారమని పిలవడం న్యాయం కాదు.