కలిపాడు, అంతేగా!

మొన్న లంచ్‌లో పెద్ద గొడవ. (పెద్దదంటే, బిర్యానీ చల్లారిపోయేంత.) నా ఫోన్లో ఆడుతున్న ఆల్బమ్ చూసి పక్క సీటు మిత్రుడు "ఎవరు బాస్ ఈ సాషా, డిగ్వీడ్? పాడారా?" అన్నాడు. లేదు. "వాయించారా?" అదీ లేదు. పాటలు చాలావరకు వేరేవాళ్ళవే. "మరి అట్ట మీద వీళ్ళ పేరెందుకు? కలిపారు, అంతేగా!"

ఆ "అంతేగా" దగ్గర నాకు ఒళ్ళు మండింది.

అది 1994లో వచ్చిన రినైజాన్స్ మిక్స్ కలెక్షన్. 3 సీడీలు. ఎక్కడా పాటకీ పాటకీ మధ్య ఖాళీ ఉండదు. హౌస్ పాట నిమిషానికి సుమారు 125 దెబ్బలనుకోండి, అంటే దెబ్బకీ దెబ్బకీ మధ్య 480 మిల్లీ సెకన్లు. ఏ రెండు పాటల వేగమూ సరిగ్గా ఒకటి కాదు. టెక్నిక్స్ టర్న్‌టేబుల్ మీద ఒక మీట ఉంటుంది, వేగాన్ని 8 శాతం పెంచొచ్చు, తగ్గించొచ్చు. చెవిలో హెడ్‌ఫోన్ పెట్టుకుని దాంతో రెంటినీ ఒక దారిలోకి తేవాలి. దెబ్బలు కలిస్తే సరిపోదు, ఎనిమిదేసి, పదహారేసి వరసల్లో పాట ఎక్కడ మలుపు తిరుగుతుందో అదీ కలవాలి. కొత్త పాట బేస్ పైకి వస్తుంటే పాతదాని బేస్ కిందకి దించాలి, లేకపోతే అంతా బురదే. అన్నీ కుదిరితే ఆ ఒకటి రెండు నిమిషాలు ఆ పాటలు కట్టిన ఇద్దరిలో ఎవరూ రాయని మూడో పాట ఒకటి వినిపిస్తుంది. దాని రచయిత ఎవరు మాస్టారూ?

ఇంకో సంగతి. షికాగోలో 1977లో తెరిచిన వేర్‌హౌస్ అనే క్లబ్బులో ఫ్రాంకీ నకుల్స్ డిస్కో పాటల్ని టేపు మీద కోసి, అతికించి, పొడుగు చేసి వేసేవాడు. హౌస్ అన్న పేరు ఆ క్లబ్బు నుంచే వచ్చిందంటారు. అంటే ఈ సంగీతమే కలపడంలోంచి పుట్టింది. హౌస్ రికార్డుల మొదట్లో, చివర్లో ఒట్టి డ్రమ్సే ఎందుకుంటాయి? పక్కదానితో కలపడానికి వీలుగా. మన భాషలో చెప్పాలంటే ఇంటర్‌ఫేస్ ముందే ఇచ్చి పెట్టారు.

మా వాడి సంగతి సరే, కంపెనీలు కూడా తక్కువ తినలేదు. 2013లో మినిస్ట్రీ ఆఫ్ సౌండ్ వాళ్ళు స్పాటిఫై మీద దావా వేశారు. జనం మా ఆల్బముల పాటల వరసను ప్లేలిస్టులుగా కాపీ కొడుతున్నారు, ఆ వరస మాది అని. 2014లో రాజీ పడ్డారు. ఆ ప్లేలిస్టులు వెతికితే దొరక్కుండా, కొత్తవాళ్ళు ఫాలో అవకుండా చేశారు, తీసెయ్యలేదు. నాకైతే ఇందులో ఇద్దరి మీదా కోపమే. వరస కాపీ కొడితే ఆల్బమ్ వచ్చేస్తుందని అమ్మేవాడే ఒప్పుకున్నాక, మా మిత్రుణ్ణి అని ఏం లాభం? వరస దొరికినవాడికి అతుకులు దొరుకుతాయా?

ఇక మన ఇంజనీర్లు చేసిన ద్రోహం వేరే. సీడీ మీద ట్రాక్ నంబర్లు ఒట్టి గుర్తులు, వాటి కింద శబ్దం ఒకే ధార. దాన్ని ముక్కలు చేసి ఎంపీ3గా మార్చాం. ఎంపీ3 ఫ్రేముకి 1152 శాంపిళ్ళు, సుమారు 26 మిల్లీ సెకన్లు. ముక్క చివర ఫ్రేము నిండకపోతే నిశ్శబ్దంతో నింపేస్తుంది. ఫలితం, సరిగ్గా అతుకు దగ్గరే ఎక్కిళ్ళు. ఐపాడ్‌కి ఆ ఖాళీ పోవడానికి 2006 దాకా పట్టింది. పాటంటే దేనికది విడి అని నమ్మినవాళ్ళు రాసిన కోడ్ మరి!

ఈ సంకలనాల్లో చెత్త లేదా అంటే బోలెడుంది. నాలుగు హిట్లు పేర్చి, అట్ట మీద పెద్ద పేరు అచ్చేసినవి అసలు పేర్చినట్టే ఉంటాయి. ఒరిజినల్ పాట కట్టినవాడికి డబ్బు చేరాలి, అందులో రెండో మాట లేదు. 2021లో ఆపిల్ మ్యూజిక్ షజామ్ సాయంతో మిక్సుల్లోని పాటలు గుర్తుపట్టి హక్కుదారులకి డబ్బిస్తామంది, మంచిదే. కానీ ఆ లెక్కలోనూ అతుకు వేసినవాడు ఎక్కడో చూడాలి కదా.

నాకెందుకింత మంట అంటారా? నిరుడు నాలుగు నెలలు కూర్చుని ముగ్గురు వెండర్ల మాడ్యూళ్ళు కలిపాను. ఒకడి తేదీ ఇంకొకడికి అర్థం కాదు, ఒకడు సున్నా పంపితే ఇంకొకడు పడిపోతాడు. రిలీజ్ రాత్రి ఒక్క ఫోన్ కూడా రాలేదు. అప్రైజల్లో మేనేజర్ ఫైలు తిరగేసి అన్న మాట: "నువ్వు కొత్తగా రాసిందేముందయ్యా? ఉన్నవి కలిపావు, అంతేగా."

ఆ రోజు నా పక్కన కూర్చుని "అన్యాయం బాస్" అని నాకు టీ ఇప్పించినవాడు ఈ బిర్యానీ మిత్రుడే. ఆ సంగతి గుర్తు చేస్తే కాసేపు మాట్లాడలేదు. తర్వాత హెడ్‌ఫోన్స్ తీసుకున్నాడు. రెండు నిమిషాలు విని, ఏ పాటో చూద్దామని షఫుల్ నొక్కాడు.