అక్వేరియంలో ఏ చేపకి ఏ చేప జోడీ? ముందు మీ ఇంటి నీళ్లని అడగండి

మన మిద్దెతోట మిత్రులు చాలామంది ఈ మధ్య మొక్కల పక్కనే ఒక చిన్న గాజుతొట్టి కూడా పెట్టుకుంటున్నారు. చేపలు తిరిగిన నీళ్లు మొక్కలకి బలమని కొందరు, పిల్లల ముచ్చట కోసం ఇంకొందరు. రెండూ మంచి కారణాలే. కాకపోతే తొట్టి కొన్న రోజే షాపులో రెండు గోల్డ్ ఫిష్‌లు, ఒక ఏంజెల్, నాలుగు టైగర్ బార్బ్‌లు, గాజు శుభ్రం చేస్తుందని ఒక నల్ల చేప, అన్నీ కలిపి కవర్లో పోసి ఇచ్చేస్తున్నారు. పది రోజుల్లో సగం తేలిపోతాయి. "మా చేతికి చేపలు అచ్చిరావండీ" అని ఖాళీ తొట్టి అటక మీద పెట్టేస్తారు. అచ్చిరాకపోవడం ఏమీ లేదు. ఆ కలయికే కుదరనిది.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. మొదటి ఏడాది ఒక రకం, మహా అయితే రెండు రకాల చేపలు చాలు. ఆ రెండూ మీ ఇంటి నీళ్లకి సరిపోయేవై ఉండాలి. ఆ నల్ల చేపని మాత్రం ఎవరూ ఇంటికి తీసుకురాకూడదు. ఎందుకో కింద వివరంగా చెప్తాను.

కొల్లేరు వైపు చేపల చెరువు రైతుని ఎవరినైనా అడిగి చూడండి. బొచ్చె పైపైన తింటుంది, శీలావతి మధ్యలో తిరుగుతుంది, మోసు అడుగున మేస్తుంది. ఒకదాని మేతకి ఇంకొకటి అడ్డురాదు. మనం కందిలో జొన్న వేసినట్టే. అదే చెరువులో కొర్రమీను పడితే ఏమవుతుందో కూడా ఆయనే చెప్తాడు, చేపపిల్లలు లెక్కకి తగ్గిపోతాయి. "కలిసి బతకడం" అంటే ఇదే అని అందరూ అనుకుంటారు: ఎవరు ఎవరిని తింటారు, ఎవరు ఎక్కడ తిరుగుతారు, అంతే కదా అని. కానీ ఇక్కడ ఒక సంగతి మర్చిపోతున్నాం. బొచ్చె, శీలావతి, మోసు మూడూ ఒకే రకం నదీజలాల్లో పుట్టి పెరిగిన జాతులు. నీళ్ల దగ్గర వాటికి పేచీ లేదు. అక్వేరియం షాపులో అలా కాదు. నియాన్ టెట్రా అమెజాన్ అడవుల్లో ఆకులు నానిన మెత్తటి నీళ్లది, కొంచెం పులుపు వైపు ఉండే నీళ్లది. మోలీ మెక్సికో వైపుది, దానికి సున్నం ఉన్న గట్టి నీళ్లే ఇష్టం, కాస్త ఉప్పు కలిసినా తట్టుకుంటుంది. గోల్డ్ ఫిష్ చైనాలో పెంపకంలో తయారైన చల్లనీళ్ల చేప. ఈ మూడింటినీ ఒకే తొట్టిలో వేస్తే కొట్టుకోకపోవచ్చు. కానీ ఏ నీళ్లు పోసినా ఎవరో ఒకరికి పడవు.

అందుకే చేపల బొమ్మలు చూసే ముందు మీ బకెట్ చూసుకోండి. బోరు నీళ్లా? గిన్నె అడుగున తెల్లటి పెచ్చు కడుతోందా? సబ్బు నురగ రావడం లేదా? అయితే మీవి గట్టి నీళ్లు. తెలంగాణలో, రాయలసీమలో చాలా ఇళ్ల బోర్లు ఇలాంటివే. పీహెచ్ కాగితం అక్వేరియం షాపులోనే దొరుకుతుంది, ఒకసారి ముంచి చూడండి. ఇలాంటి నీళ్లకి గప్పీ, ప్లాటీ, మోలీ సరిపోతాయి. నియాన్ టెట్రా కోసం తాపత్రయపడొద్దు. పోనీ ఆర్వో నీళ్లు పోద్దామంటారా, అందులో ఖనిజాలు దాదాపు ఉండవు, ఒట్టి ఆర్వో నీళ్లు ఏ చేపకీ మంచిది కాదు. నీళ్లని చేపకి తగ్గట్టు మార్చడం అనుభవం వచ్చాక చేసే పని. మన నేలకి సరిపడే విత్తనం వేసుకుంటాం కదా, ఇదీ అంతే.

ఇంకో విషయం మన ప్రకృతి వ్యవసాయం వాళ్లకి చెప్తే చటుక్కున అర్థమవుతుంది. చేప విసర్జించేది అమ్మోనియా. మిగిలిపోయిన మేత కుళ్లినా అమ్మోనియానే. దాన్ని ఒక రకం బ్యాక్టీరియా నైట్రైట్‌గా, ఇంకో రకం నైట్రేట్‌గా మారుస్తాయి. మొదటి రెండూ చేపకి విషం, మూడోది చాలా నయం, మొక్కకి అయితే తిండి. పొలంలో మట్టి చేసే పనే ఇక్కడ ఫిల్టర్ స్పాంజి చేస్తుంది. ఆ బ్యాక్టీరియా నిలదొక్కుకోవడానికి మామూలుగా 4 నుంచి 6 వారాలు పడుతుంది. తొందరగా కావాలంటే, చేపలు ఆరోగ్యంగా ఉన్న స్నేహితుల తొట్టిలోంచి మురికి పట్టిన స్పాంజి ముక్క ఒకటి అడిగి తెచ్చి మీ ఫిల్టర్లో పెట్టండి. పాలకి తోడు వేసినట్టన్నమాట. ఆ స్పాంజిని కుళాయి కింద పెట్టి తెల్లగా ఉతక్కండి, మున్సిపల్ నీళ్లలోని క్లోరిన్‌కి అవన్నీ చచ్చిపోతాయి. తొట్టి నీళ్లు ఒక మగ్గులో తీసుకుని అందులోనే పిండేయండి.

అన్నట్టు, సూక్ష్మజీవులే కదా అని జీవామృతం తొట్టిలో పోద్దామనే ఆలోచన ఎవరికైనా వస్తే దయచేసి మానుకోండి. పేడ, బెల్లం, శనగపిండి తొట్టిలో పడితే అవి కుళ్లేటప్పుడు నీళ్లలో ఉన్న ఆక్సిజన్ అంతా లాగేస్తాయి. తెల్లారేసరికి చేప ఉండదు.

బోరు నీళ్లవాళ్లు ఇక్కడ ఇంకో మెలిక గమనించాలి. పీహెచ్ ఎక్కువైన కొద్దీ, నీళ్లు వేడెక్కిన కొద్దీ అదే అమ్మోనియాలో విషంగా పనిచేసే భాగం పెరుగుతుంది. మన మే నెల ఎండ, మన బోరు నీళ్లు రెండూ కలిశాయంటే చూడండి. పైగా వేడి నీళ్లలో ఆక్సిజన్ తక్కువ నిలుస్తుంది. కాబట్టి విదేశీ వీడియోల్లో చెప్పిన చేపల లెక్క కంటే మనం తక్కువే వేసుకోవాలి. 2 అడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు తొట్టి అంచుదాకా పోస్తే 56 లీటర్లు. ఇసుక, రాళ్లు, పైన ఖాళీ పోగా మిగిలేది 45 లీటర్లు అనుకోండి. దాంట్లో బొటనవేలంత చేపలు ఎనిమిదో పదో చాలు. అవి కూడా ఒకేసారి కాదు. ముందు నాలుగు, రెండు వారాలు ఆగి మిగతావి.

సరే, ఏం వేయాలి? గట్టి నీళ్లయితే నేను చెప్పేది ఆరు జీబ్రా డానియోలు, మూడు ప్లాటీలు. డానియో పైన గుంపుగా పరుగులు పెడుతుంది, ప్లాటీ మధ్యలో నిదానంగా తిరుగుతుంది. జీబ్రా డానియో మన దేశపు చేపేనండి. 1822లో ఫ్రాన్సిస్ హామిల్టన్ గంగానది చేపల మీద వేసిన పుస్తకంలో దీన్ని వర్ణించాడు. ఇవాళ ప్రపంచమంతా ల్యాబుల్లో ప్రయోగాలకి పెంచుతున్నది ఈ చేపనే. అంత గట్టి ప్రాణం. ధర కూడా తక్కువే. అందుకేనేమో షాపులో ఎవరూ దీన్ని ముందుకి తోసి చూపించరు!

గప్పీలు ముచ్చటపడితే ఒట్టి మగవాటినే తీసుకోండి. రంగుల తోక ఉన్నదే మగది. ఒక్క ఆడ గప్పీ చేరినా సుమారు నెలకొక కాన్పు. పక్కన మగది లేకపోయినా ఒకసారి జతకట్టిన గుర్తుతో కొన్ని నెలలపాటు పిల్లల్ని పెడుతూనే ఉంటుంది. ప్లాటీ, మోలీలదీ ఇదే పద్ధతి. ఆరు నెలలకి తొట్టి కిక్కిరిసిపోతుంది, అప్పుడు ఆ పిల్లల్ని ఏం చేయాలో తోచదు.

మీ ఊళ్లో వచ్చేది నది నీళ్లు, కొంచెం మెత్తగా ఉంటే ఒక జత హనీ గౌరామి, ఆరు చెర్రీ బార్బ్‌లు బావుంటాయి. క్లోరిన్ పోయేలా ముందు రోజే పట్టి బకెట్లో ఉంచండి. మీ ఊరి నీళ్లలో మందు వాసన ఒక రోజుకి పోకపోతే షాపులో దొరికే యాంటీ క్లోరిన్ చుక్కలు వేయక తప్పదు. హనీ గౌరామికి ఒక సుగుణం ఉంది: పైకి వచ్చి నేరుగా గాలి పీల్చుకుంటుంది. కరెంటు పోయి గాలి మోటార్ ఆగినా కంగారుపడదు. ఫైటర్ చేప కూడా అంతే. కానీ మగ ఫైటర్ ఒంటరి మనిషి. ఇంకో మగదాన్ని చూస్తే యుద్ధమే. రంగుల తోక గప్పీని కూడా వదలకపోవచ్చు. ఫైటర్ కావాలంటే అదొక్కటే, దానికో తొట్టి.

గోల్డ్ ఫిష్ దగ్గర చాలామందికి నా మాట నచ్చదు, తెలుసు. అది కార్పు జాతి చేప. జానెడు దాటి పెరుగుతుంది, తిన్నంతా విసర్జిస్తుంది, నోట్లో పట్టేదాన్ని మింగుతుంది. దాన్ని గుండ్రటి గాజు గిన్నెలో పెట్టడం కోడిని అగ్గిపెట్టెలో పెంచడమే. "మా ఇంట్లో రెండేళ్లుగా గప్పీలతోనే ఉంది" అని అంటారు. ఉండొచ్చు. చౌడు నేలలో కూడా కొన్ని మొక్కలు చావకుండా ఉంటాయి, దాన్ని మనం పంట అనం కదా. టైగర్ బార్బ్‌లు తక్కువ సంఖ్యలో ఉంటే పక్క చేపల రెక్కలు కొరుకుతాయి, ఏంజెల్ పొడుగాటి రెక్కలంటే వాటికి మరీ సరదా. ఆ ఏంజెల్ పెద్దదయ్యాక నియాన్లని మింగుతుంది. ఎర్ర పొట్ట పిల్ల చేపలు చూపిస్తారు చూడండి, అవి చాలాసార్లు మన చేపల మార్కెట్లో కిలోల లెక్కన అమ్మే రూప్‌చంద్ పిల్లలే. మీ తొట్టిలో ఎన్నాళ్లు పడతాయో మీరే లెక్కేసుకోండి.

ఇక ఆ నల్ల చేప. క్లీనర్ అనీ, సక్కర్ అనీ అమ్ముతారు. షాపులో రెండంగుళాలు. పెరిగితే అడుగు దాటుతుంది. నాచు నాకుతుంది నిజమే, కానీ దాని విసర్జన ముందు ఆ శుభ్రం ఏ మూలకి? పెద్దదయ్యాక ఇంట్లోవాళ్లకి చంపడానికి మనసొప్పదు. "పాపం, బతకనీ" అని దగ్గర్లోని చెరువులో వదిలేస్తారు. దక్షిణ అమెరికా నుంచి వచ్చిన ఈ చేపనే మన చెరువుల రైతులు ఇప్పుడు దెయ్యం చేప అంటున్నారు. ఒళ్లంతా గట్టి పెంకు, ముళ్ల రెక్కలు. వలలు చింపుతుంది, గట్లలో బొరియలు చేస్తుంది, తింటుందా అంటే ఇక్కడ కొనేవాడు లేడు. హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్తలు నీటి నమూనాలోని డీఎన్ఏ చూసి ఈ చేప జాడ పట్టే పద్ధతి తయారుచేసి, తూర్పు కనుమల ప్రాంతపు నీటివనరుల్లో ఎన్నో చోట్ల ఇది చేరిందని తేల్చారు. 2023లో కాశ్మీర్ దాల్ సరస్సులో మొసలి మూతి ఉన్న అలిగేటర్ గార్ చేప దొరికిన వార్త కూడా మీలో కొందరు చూసే ఉంటారు. అది అమెరికా చేప. దానంతట అది ఈదుకుంటూ రాలేదు కదా.

రసాయనం చుక్క పడకూడదని అంత పట్టుదలగా ఉండే మనం, ఊరి చెరువుకి ఇలాంటి కలుపు మన చేతులతో వేయకూడదు. గప్పీలైనా, ప్లాటీలైనా ఎక్కువైతే షాపుకి తిరిగి ఇవ్వండి, తొట్టి ఉన్న ఇంకొకరికి ఇవ్వండి. వాగులో, కాలువలో, వినాయకుడి నిమజ్జనం నీళ్లలో వదలొద్దు. గాజు మీద నాచు పడితే తొట్టిని కిటికీ ఎండ నుంచి జరపండి, లైటు రోజుకి 6 నుంచి 8 గంటలు దాటనివ్వకండి, మిగిలింది పాత నూలు గుడ్డతో తుడిస్తే పోతుంది.

వారానికోసారి నాలుగో వంతు నీళ్లు తీసి కొత్తవి పోస్తారు కదా, ఆ తీసిన నీళ్లు వంగ, టమాట, ఆకుకూరల కుండీలకి నేరుగా పోసుకోవచ్చు. చేపలకి జబ్బు చేసి ఉప్పుగానీ మందుగానీ వేసిన వారాల్లో మాత్రం పోయకండి. మీ నీళ్లు బోరువా నదివా, పీహెచ్ ఎంత వచ్చింది, తొట్టి కొలత ఎంత, ఈ మూడూ వీడియో కింద రాయండి. ఏ చేపలు సరిపోతాయో తెలిసినంతవరకు చెప్తాను.