ఇత్తడి గిన్నెలో పులుసా... కళాయి ఉందా?

'గిన్నెలకు కళాయి వేస్తాం...' అని కేకేస్తూ వీధిలోకి వచ్చే మనిషి ఇప్పుడు చాలా ఊళ్లలో కనిపించడు. అమ్మమ్మల నాటి ఇత్తడి గిన్నెలు మాత్రం మళ్లీ అటకలు దిగుతున్నాయి. కొందరు వాటిని చింతపండుతో తళతళా తోమి, నేరుగా పులుసు పెట్టేస్తున్నారు. చిక్కంతా అక్కడే!

అసలు చింతపండుతో తోమితే నలుపు ఎందుకు పోతుంది? లోహాలు గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి పైన ఆక్సైడ్ పొర కట్టుకుంటాయి. లోహాల ఆక్సైడ్లకు చాలావరకు క్షార గుణం. పులుపు తగిలితే కరిగిపోతాయి. (అలోహాలది దీనికి ఎదురుదారి. గంధకం కాలితే వచ్చే వాయువు నీటిలో కలిసి ఆమ్లమవుతుంది.) తోమినప్పుడు కరిగిన రాగి తూములోకి పోతుంది. అదే పులుపు గిన్నెలో కాగితే రాగి పులుసులోకే దిగుతుంది. రాత్రంతా అందులోనే ఉంచితే మరీను. వికారం, వాంతులు, కడుపునొప్పి తప్పవు. పెద్దవాళ్లు 'చిలుమెక్కింది' అని పారబోసేది ఇందుకే. ఇత్తడిలో రాగితోపాటు జింకు కూడా ఉంటుంది. పులుపుకు లొంగడంలో అది రాగికన్నా ముందే ఉంటుంది.

ఇక కళాయి అంటే తగరం పూత. రాగి కరగాలంటే 1085 డిగ్రీల సెల్సియస్ వేడి కావాలి. తగరానికి 232 చాలు. అందుకే వీధి చివర చిన్న కొలిమి పెట్టుకుని పని కానిచ్చేసేవారు. గిన్నె వేడెక్కగానే నవాసారం పొడి చల్లుతారు. గుప్పున తెల్లటి పొగ! అది అమ్మోనియం క్లోరైడ్. వేడికి అందులోంచి పుట్టే హైడ్రోజన్ క్లోరైడ్, గిన్నెకున్న ఆక్సైడ్ పొరను ఊడ్చేస్తుంది. లోహం శుభ్రంగా బయటపడితేనే తగరం అంటుకునేది. ఆపైన గుడ్డతో చకచకా తుడిస్తే వెండిలా మెరుపు.

ఇక్కడో మోసం కూడా ఉంది. తగరం ఖరీదెక్కువ. సీసం చవక, అదీ 327 డిగ్రీలకే కరుగుతుంది. రెండూ కలిపేస్తే చూపుకు తేడా తెలియదు. పులుసులో దిగిన సీసం పిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది. ఇంత మోతాదు వరకూ ఫర్వాలేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా చెప్పడం లేదు. సీసాన్ని తెల్లకాగితం మీద రాస్తే బూడిదరంగు గీత పడుతుంది. తగరం కడ్డీని చెవి దగ్గర వంచితే కిరకిరమంటుంది. కానీ కొద్దిగా కలిపిన సీసాన్ని ఇలా పట్టుకోలేం. తెలిసిన పనివాడి చేత, మన కళ్లముందు వేయించుకోవడమే మేలు.

1913లో ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లో హ్యారీ బ్రియర్లీ తుప్పు పట్టని ఉక్కు తయారుచేశాక ఈ బాధలన్నీ క్రమంగా తగ్గాయి. అందులోని క్రోమియం కట్టే ఆక్సైడ్ పొర పులుసుకు అంత తేలిగ్గా లొంగదు. వేడిని పాకించడంలో మాత్రం స్టీలు కన్నా రాగి ఇరవై రెట్లకు పైగా మిన్న.

కళాయి గిన్నెను ఖాళీగా పొయ్యి మీద మరిచిపోకూడదు, పూత కరిగి ముద్దకడుతుంది. పీచుతో గట్టిగా రుద్దకూడదు. లోపల ఎక్కడైనా పసుపో ఎరుపో తొంగిచూస్తే, మళ్లీ కళాయి పడేదాకా ఆ గిన్నె అటక మీదే ఉండాలి.