పాతపోస్టాఫీసు దాకా రైలు వస్తుందా?

విశాఖకు మెట్రో వస్తుందన్న మాట వినబట్టి పదేళ్లు దాటింది. 2014 పునర్విభజన చట్టం పదమూడో షెడ్యూలులో, విశాఖ మెట్రో సాధ్యాసాధ్యాలను ఏడాదిలోగా పరిశీలిస్తామని కేంద్రం రాసి ఇచ్చింది. ఢిల్లీ మెట్రో సంస్థ నివేదిక తయారుచేసింది. 2017లో కేంద్రం కొత్త మెట్రో విధానం తేవడంతో వ్యవహారం మళ్లీ మొదటికి వచ్చింది. చివరకు 2024 డిసెంబరులో 46.23 కిలోమీటర్ల తొలిదశకు, 11,498 కోట్ల రూపాయల అంచనాకు రాష్ట్ర ప్రభుత్వం ఆమోదముద్ర వేసింది.

విశాఖ మెట్రోతో శ్రీకాకుళం, విజయనగరం ముస్లిములకు ఏం పని అని అడిగేవారున్నారు. జబ్బు చేస్తే కేజీహెచ్‌కు, చదువుకు యూనివర్సిటీకి, కూలికి పోర్టుకు మనం పోయేది ఆ నగరానికే. రెండోదశ కొమ్మాది నుంచి విజయనగరం జిల్లా భోగాపురం వరకు సాగుతుందని ప్రణాళికలో ఉంది. కనుక ఇది మన గడపలోని సంగతే.

తొలిదశలోని మూడు మార్గాలలో గురుద్వారా నుంచి పాతపోస్టాఫీసుకు వెళ్లేది 5 కిలోమీటర్ల పైచిలుకు మాత్రమే. స్టీల్‌ప్లాంటు, కొమ్మాది మధ్య 34 కిలోమీటర్ల మార్గం పక్కన అది చిన్న తోక. అయితే ఇషాక్ మదీనా దర్గా కొండ ఉన్న పాత పట్నానికి రైలును చేర్చేది ఆ తోకే. డబ్బు చాలనప్పుడు కత్తెర మొదట పడేది ఇలాంటి చోటనే అన్నది మా భయం.

ఈ భయం ఊరికే పుట్టలేదు. హైదరాబాదు మెట్రో ఒప్పందం 2010 సెప్టెంబరులో కుదిరింది. అందులో ఫలక్‌నుమా మార్గం ఉంది. 2017 నవంబరులో మియాపూర్, నాగోల్ మధ్య రైళ్లు నడిచాయి. 2020 ఫిబ్రవరిలో జేబీఎస్ నుంచి బయలుదేరిన మార్గం మూసీ ఒడ్డున ఎంజీబీఎస్ వద్ద ఆగిపోయింది. మిగిలింది సుమారు ఐదున్నర కిలోమీటర్లు, అదే పాతబస్తీ. దానికి శంకుస్థాపన జరిగింది 2024 మార్చిలో, ఒప్పందం కుదిరిన పదమూడున్నరేళ్లకు! దారిలో మసీదులు, ఆషూర్‌ఖానాలు ఉన్నాయని, మార్గం మార్చాలని మనవాళ్లే అడిగారన్నది నిజమే. ఆ తగవును త్వరగా తేల్చుకోకపోవడంలో మన నాయకుల పాలూ ఉంది. కాని సుల్తాన్‌బజారు వ్యాపారులు కూడా ఏళ్లతరబడి అభ్యంతరం చెప్పారు. అక్కడ మాత్రం రైలు నడిచింది.

మన రెండు జిల్లాలలో నూటికి ఒక్కరం కూడా లేము. ఓట్ల లెక్కతో ఎవరినీ బెదిరించలేము; కాగితం చేతబట్టుకుని అడగవలసినవాళ్లమే. మార్గంలో పడే వక్ఫు ఆస్తులు, ఖబరస్తానుల సర్వే నంబర్లను వక్ఫుబోర్డు ఇప్పుడే ప్రకటించాలి. తవ్వకాలు మొదలయ్యాక వెదికితే రికార్డులు దొరకవు. 2013 భూసేకరణ చట్టం అద్దెదారులను, చేతివృత్తులవారిని కూడా ప్రభావిత కుటుంబాలలో చేర్చింది. అద్దె దుకాణంలో కుట్టుమిషను, పంక్చరు సామాను పెట్టుకుని బతికే సోదరులు అద్దె రశీదులు, కరెంటు బిల్లులు ఈ నెల నుంచే భద్రపరచుకోవాలి. పాతపోస్టాఫీసు మార్గాన్ని తక్కిన రెండింటితో పాటే మొదలుపెడతామని ప్రభుత్వం రాతపూర్వకంగా చెప్పాలని కోరుతూ మేము వినతిపత్రం సిద్ధం చేస్తున్నాము. సంతకాలను ప్రతి మసీదు కమిటీ వచ్చే జుమాలోగా సేకరించి పంపాలని మనవి.