పులి దారిలో పల్లె మాట: చంద్రపూర్ ప్రణాళిక

ఏ ప్రభుత్వమూ ఒంటరిగా తీర్చలేని సమస్యపై ప్రభుత్వాలు, అంతర్జాతీయ సంస్థలు, కంపెనీలు, పౌరసంఘాలు ఉమ్మడి లక్ష్యంతో పనిచేసే ఏర్పాటును ప్రజావిధాన నెట్‌వర్క్ అంటారు. 2008లో ప్రపంచ బ్యాంకు ముందుండి ప్రారంభించిన గ్లోబల్ టైగర్ ఇనీషియేటివ్ అటువంటిదే. 2010 నవంబరులో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో సమావేశమైన 13 దేశాలు 2022 నాటికి అడవి పులుల సంఖ్యను రెట్టింపు చేయాలని తీర్మానించగా, భారతదేశంలో 2010లో 1,706గా ఉన్న అంచనా 2022 నాటికి 3,682కు పెరిగింది.

ఈ పెరుగుదలలో మహారాష్ట్రలోని చంద్రపూర్ జిల్లాకు చెందిన తాడోబా-అంధారీ టైగర్ రిజర్వుకు ముఖ్యమైన పాలు ఉంది. అక్కడ పెరిగి, సొంత తావు వెతుక్కుంటూ బయలుదేరిన పులులు బొగ్గు గనులు, రైలు పట్టాలు, పత్తిచేల నడుమ నుంచి రాష్ట్ర సరిహద్దు దాటి తెలంగాణలోని కాగజ్‌నగర్ అడవులకు, 2012లో ఏర్పడిన కవ్వాల్ టైగర్ రిజర్వు వైపుకు చేరుతున్నాయి. ఎండాకాలపు తెల్లవారుజామున ఇప్పపువ్వు ఏరడానికి నేలకు వంగిన మనిషి పులి కంటికి మనిషిలా కనిపించకపోవచ్చు. లక్ష్యం దూరదేశంలో నిర్ణయమైనా, దాని మూల్యం చెల్లిస్తున్నది ఇటువంటివారే. అందువల్ల ఈ ప్రణాళికకు కట్టుబడినవారు కింది సూత్రాలను ప్రకటిస్తున్నారు.

ఒకటి: అటవీ హక్కుల చట్టం, 2006 గుర్తించిన గ్రామసభకు పులుల దారికి సంబంధించిన ప్రతి నిర్ణయంలోనూ ఓటు ఉండాలి, చర్చ మరాఠీ, గోండి, తెలుగు భాషల్లో సాగాలి.

రెండు: సంరక్షణకు నిధులిచ్చిన కంపెనీకి ఆ కారణంగా తన గని అనుమతులపై పలుకుబడి దక్కరాదు, మట్టిగుట్టలు, రాత్రి దీపాలు, లారీల రాకపోకలు పులుల దారిని ఎంత మేరకు మూస్తున్నాయో ఆ కంపెనీ బహిరంగంగా వెల్లడించాలి.

మూడు: నష్టపరిహారం, అటవీ సిబ్బంది నియామకం, భద్రత ప్రభుత్వ విధులు కనుక, భాగస్వామ్యం పేరుతో వాటిని స్వచ్ఛంద సంస్థలకు వదిలివేయరాదు.

నాలుగు: మహారాష్ట్ర, తెలంగాణ అటవీశాఖలు, రైల్వే, గనుల యాజమాన్యాలు పులి కదలికల సమాచారాన్ని ఏ రోజుకారోజు పంచుకోవాలి, అది సాయంత్రానికల్లా దారిలోని పల్లెలకు చేరాలి.

అయిదు: పులుల సంఖ్య ప్రకటించే ప్రతి నివేదికలోనూ మరణించిన మనుషులు, కోల్పోయిన పశువులు, పరిహారం అందడానికి పట్టిన కాలం నమోదు కావాలి.

సంతకం చేసిన దేశాలు, నిధులిచ్చిన సంస్థలు ఈ అయిదో లెక్కకు జవాబుదారీ అయినప్పుడే ఆ నెట్‌వర్క్‌ను ప్రజలదని పిలవడానికి వీలుంటుంది.