మన బిడ్డల పరీక్ష మన భాషలో జరగాలి



మీ గూడెంలో రెండేళ్లు దాటినా మాట రాని బిడ్డ ఉందా? ఏడాదిన్నర దాటినా నడవని బిడ్డ? పేరు పెట్టి పిలిచినా తిరిగి చూడని బిడ్డ? ఉంటే, ఆ తల్లికి ఇప్పటిదాకా ఎవరు ఏం చెప్పారో అడగండి. "వాళ్ల నాన్న కూడా ఆలస్యంగానే మాట్లాడాడు, అదే వస్తుందిలే" అని ఇంట్లోవాళ్లు అంటారు. "మీ పిల్లలు అంతేలే, బడికి పోతే వస్తుంది" అని బయటినుంచి వచ్చినవాళ్లు అంటారు. మొదటిది ధైర్యం చెప్పడం. రెండోది వివక్ష.

దీనికి తలకిందులుగా ఇంకో అన్యాయం ఉంది. ఇంట్లో కువి, సవర, కోయ మాట్లాడే బిడ్డను తెలుగులో "బంతి ఏది? ముక్కు చూపించు" అని అడిగి, పలక్కపోతే బుద్ధి ఎదగలేదని రాసేస్తే? ఆ బిడ్డకు రానిది తెలుగు, అంతే. ఒకచోట సాయం కావాల్సిన బిడ్డ తప్పిపోతుంది, ఇంకోచోట ఏ లోపమూ లేని బిడ్డకు ముద్ర పడుతుంది. అందుకే పరీక్ష జరగాలి, అది బిడ్డ భాషలో జరగాలి అంటున్నాం. మన భాషల్లో వాచకాలు అచ్చువేసిన ప్రభుత్వానికి మన భాష వచ్చిన మనిషిని పరీక్ష దగ్గర కూర్చోబెట్టడం కష్టమేం కాదు.

ఇదేం దయ కాదు. పిల్లలందరినీ ఏడాదికి ఒక్కసారైనా పరీక్షించే ఏర్పాటు ఉండాలని 2016 దివ్యాంగుల హక్కుల చట్టం 25వ సెక్షన్ చెప్తోంది. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద వైద్య బృందం అంగన్‌వాడీకి ఏడాదికి రెండుసార్లు రావాలి. ఎదుగుదలలో ఆలస్యం కనిపిస్తే జిల్లా సత్వర చికిత్సా కేంద్రానికి పంపాలి. ఖర్చు ప్రభుత్వానిదే. మీ ఊరికి ఆ బృందం చివరిసారి ఎప్పుడొచ్చింది? అంగన్‌వాడీ టీచర్‌ని అడిగి రాసుకోండి. ఆమెను నిలదీయడానికి కాదు, పీహెచ్‌సీ డాక్టర్‌కీ ఐటీడీఏ గ్రీవెన్స్‌లోనూ అర్జీ పెట్టడానికి.

మనవైపు కూడా ఒక అలవాటు మారాలి. వైకల్యం అనగానే మనకు సదరం సర్టిఫికెట్, పింఛను గుర్తొస్తాయి. పింఛను కావాల్సిందే. కానీ సర్టిఫికెట్ వచ్చేదాకా చికిత్స ఆపక్కర్లేదు. మెదడు అన్నిటికన్నా వేగంగా ఎదిగేది మొదటి కొన్నేళ్లలోనే. అప్పుడు మొదలుపెట్టిన మాటల శిక్షణ, ఫిజియోథెరపీ ఇచ్చే ఫలితం పదేళ్లప్పుడు మొదలుపెడితే దొరకదు. మాట రాని బిడ్డకు ముందు చెవి పరీక్ష చేయించాలి. వినపడని బిడ్డను మొద్దు అనుకుని వదిలేస్తే ఆ ఏళ్లు తిరిగి రావు. దిసారి దగ్గర పూజ చేయించుకోనివ్వండి, తప్పు లేదు. పూజ అయిన మర్నాడు పరీక్షకు తీసుకెళ్లండి.

చదువుకున్న మీరు చేయగలిగింది చాలా ఉంది. తల్లీబిడ్డల కార్డులో ఏ వయసుకు బిడ్డ ఏం చేయాలో బొమ్మలతో ఉంటుంది. తల్లి పక్కన కూర్చుని మన భాషలో చదివి చెప్పండి. బిడ్డ ఇంట్లో ఎలా ఆడుతుందో, ఎలా పిలుస్తుందో తల్లిని అడిగి ఫోన్‌లో వీడియో తీసి డాక్టర్‌కి చూపించండి. దాన్ని గ్రూపుల్లో మాత్రం పెట్టకండి. ఆస్పత్రికి తోడు వెళ్లండి. డాక్టర్ అడిగింది తల్లికి, తల్లి చెప్పింది డాక్టర్‌కి మీరే చేరవేయాలి. ఏం రాశారో చదివి, కాగితం ఫొటో తీసి పెట్టుకోండి. మళ్లీ ఎప్పుడు రావాలో, ఇంటి దగ్గర ఏం చేయించాలో అడక్కుండా బయటికి రాకండి.

1/70 చట్టం కోసం రోడ్డెక్కాం. 2020లో సుప్రీంకోర్టు జీఓ 3 కొట్టేస్తే కొట్లాడాం, మన పిల్లలకు మన భాష తెలిసిన టీచర్ కావాలని. ఆ టీచర్ దగ్గరికి చేరేలోపే వెనకబడిపోతున్న బిడ్డల సంగతి కూడా మన డిమాండ్లలో ఉండాలి. వచ్చే గ్రామసభలో ఈ రెండు ప్రశ్నలు పెట్టండి: మన ఊళ్లో ఆరేళ్లలోపు పిల్లలు ఎంతమంది? ఈ ఏడాది వాళ్లలో ఎంతమందికి పరీక్ష జరిగింది?

జై ఆదివాసీ.